మోకాలు దాటి జానెడు

అంచు విప్పి పొడుగు చెయ్యమని
నా పొట్టి స్కర్టులు నాలుగూ తీసుకెళ్లి
జ్డెంకా కుట్టుబల్ల మీద పడేశాను.
ఆవిడ ఒకటి తిరగేసి, వేలితో తడిమి,
"ఇందులో దించడానికేం లేదమ్మా,
ఉన్నదంతా అప్పుడే వాడేసుకున్నావు" అంది.
నోట్లో గుండుసూదులు. అయినా మాట స్పష్టం.

"ఆఫీసులో ఎవరైనా ఏమన్నా అన్నారా?"
లేదన్నాను. నమ్మలేదు.

నిజంగానే అనలేదు.
ఓడల బీమా కంపెనీ, మూడో అంతస్తు,
కిటికీలోంచి త్రియెస్తే రేవంతా కనిపిస్తుంది.
మా మేనేజరు మారెగా గారిది నున్నటి బోడిగుండు.
నా మోకాళ్లకీ దానికీ ముడిపెట్టే అవసరం
పద్దెనిమిదేళ్లలో ఎవరికీ రాలేదు.

మొన్న నవంబరు మీటింగులో
నేనే నా ఎడమచేతిని పట్టుకున్నాను, దొంగను పట్టుకున్నట్టు.
కుడిచెయ్యి పైన అంకెలు రాస్తోంది.
ఎడమది బల్ల కింద
స్కర్టు అంచు పట్టుకుని కూచుంది,
జీతం లేని కాపలావాడిలా.
లాగుతుంది, వదులుతుంది, మళ్లీ లాగుతుంది.
నేను చెప్పలేదు.
మరి దానికి ఎవరు చెప్పారు?

కొత్తది ముదురాకుపచ్చ ఉన్ని,
మోకాలు దాటి జానెడు.
తొడుక్కున్న మొదటిరోజే కొండమీంచి బోరా గాలి దిగింది.
పొట్టి స్కర్టుకి గాలితో పేచీ లేదు,
అంత తక్కువ బట్టతో గాలి మాత్రం ఏం మాట్లాడుతుంది?
ఇది తెరచాప.
మలుపులో నన్ను రెండడుగులు వెనక్కి నెట్టి
పిక్కలకి చుట్టుకుని, విడిపోయి, మళ్లీ చుట్టుకుని...
రొట్టెల కొట్టు ముందు దీపస్తంభాన్ని వాటేసుకున్నాను.
అక్కడ అప్పటికే ఒక పోస్టుమాను ఉన్నాడు,
ఆయన ఒళ్లో ఎవరిదో కుక్క.
బస్సు మెట్టెక్కుతూ రెండు వేళ్లతో బట్ట కాస్త పైకెత్తాను,
ఎప్పటినుంచో వచ్చిన విద్యలా.

గేటు దగ్గర ఒట్టావియో ఎగాదిగా చూసి
"జుట్టు కత్తిరించుకున్నారా?" అన్నాడు.
అంతే. ఆ రోజు మొత్తానికి అదొక్కటే వ్యాఖ్య.

మీటింగులో ఎడమచెయ్యి అలవాటుగా కిందికెళ్లింది.
లాగడానికేమీ దొరకలేదు.
సెలవురోజు తెల్లారకుండానే మెలకువొచ్చిన మనిషిలా
కాసేపు ఒళ్లో ఊరికే పడుకుంది.
తర్వాత పైకొచ్చి, నాలుగో పేజీలో
ఒక అంకె మీద వేలు పెట్టింది.
"ఈ సరుక్కి రెండుసార్లు చెల్లించాం కదా?"
గొంతు నాదే.
మారెగా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కానీ దీన్ని పొడుగుబట్ట గెలుపని ఎక్కడా రాసుకోకండి.
నా ఎదురుగా జినెవ్రా, ఇరవయ్యారేళ్లు,
నేను వదిలేసినంత పొట్టి స్కర్టులోనే
కాలు మీద కాలేసుకుని
రెండు చేతులతో తీరిగ్గా నారింజ ఒలుచుకుంటోంది.
ఆ పిల్ల చేతికి ఎవరూ కాపలా ఉద్యోగం ఇవ్వలేదు.
ముందు సంతోషమేసింది.
తర్వాత ఒళ్లు మండింది.
లెక్క కట్టు ఫుల్వియా, నీ పని లెక్కలేగా,
పద్దెనిమిదేళ్లు, వారానికి మూడు మీటింగులు,
మునిగిన ఓడలన్నిటికీ డబ్బిచ్చిన కంపెనీలో
ఆ గంటలకి ఏ పాలసీ వర్తిస్తుంది?

పొట్టివి పారెయ్యలేదు.
శనివారం సాయంత్రాలు రాతిగట్టు మీద
నీళ్లవైపు కాళ్లు వేలాడేసుకుని కూచుంటాను.
ఎడమచేతిలో గ్లాసు ఉంటుంది.
ఇప్పుడు ఆలోచిస్తే, అక్కడది ఎన్నడూ అంచు లాగలేదు.

రెండో పొడుగుది కుట్టించుకోవడానికి వెళ్తే
"లోపల బెత్తెడు మడత వదిలాను" అంది జ్డెంకా.
"ఎందుకు, ఇంకా కిందికి దించడానికా?"
ఆవిడ సూదులన్నీ డబ్బాలో రాల్చి,
"దించుకుంటావో, ఊరికే ఉంచుకుంటావో.
అడుగున బరువుంటే బట్ట గాలికి నిలబడుతుంది."

డబ్బిచ్చి, పొట్లం చంకలో పెట్టుకుని,
తలుపు తోయడానికి భుజం ఆనించాను.
అవతల్నుంచి గాలి కూడా ఆనించింది.